నీళ్ల పీయూ గమ్ము: ఆరడం, అంటడం, ముదరడం

మే నెలలో కర్నూల్లోనో అనంతపురంలోనో కొత్తగా చేయించిన ఏ వంటింట్లోకైనా వెళ్లి, గ్యాస్ పొయ్యి పక్కనున్న షట్టర్ (అర తలుపు) అంచును గోటితో తడిమి చూడండి. బోర్డు మీద గమ్ముతో అతికించిన పీవీసీ ఫాయిల్ లేవడమంటూ జరిగితే అక్కడే మొదలవుతుంది. కార్పెంటర్ గమ్మును తిడతాడు, గమ్ము అమ్మినవాడు ఫాయిల్‌ను తిడతాడు, ఫాయిల్ అమ్మినవాడు దాన్ని వేడిచేసి బోర్డుకి నొక్కే ప్రెస్సును తిడతాడు. నా లెక్క ప్రకారం చాలాసార్లు ముగ్గురి సరుకూ మంచిదే. ఆరిన గమ్మును ముదిరిన గమ్ము అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది.

షట్టర్ పనిలో వాడే నీళ్ల పాలీయురేథేన్ (పీయూ) గమ్ము మూడు దశలు దాటాలి. ఆరడమంటే అందులోని నీళ్లు పోవడం. అంటడమంటే వేడికి మెత్తబడి, ఒత్తిడికి ఫాయిల్‌ను పట్టుకుని, చల్లారాక బిగుసుకోవడం. ముదరడమంటే లోపలి గొలుసుల మధ్య రసాయన బంధాలు పడి, ఇంకోసారి అదే వేడి తగిలినా కరగకుండా నిలబడడం. మొదటిదానికి అరగంట పడుతుంది, రెండోదానికి రెండు నిమిషాలు చాలు, మూడోదానికి మూడు నుంచి ఏడు రోజులు కావాలి. చేత్తో ముట్టుకుంటే మొదటి రెండే తెలుస్తాయి. మూడోది చేతికి తెలియదు, కంటికి కనపడదు. అందుకే దాన్ని ఎగ్గొట్టేస్తారు.

ఎందుకిలా అవుతుందో తెలియాలంటే డబ్బాలో ఏముందో తెలియాలి. పాలలా తెల్లగా కనిపించే ఆ ద్రవంలో సగానికి పైగా నీళ్లే. మిగతా 40 నుంచి 50 శాతం పాలీయురేథేన్ రేణువులు, కంటికి ఆనని బుడిపెలు. ఒక్కో రేణువులో పొడవాటి గొలుసులు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. ఆ గొలుసులో మెత్తని భాగం పాలియాల్‌ది (ఓహెచ్ గుంపులుండే పదార్థం), గట్టి భాగం ఐసోసయనేట్‌ది (ఆ ఓహెచ్‌తో కలిసి గొలుసు కట్టే ఎన్‌సీఓ గుంపులుండేది). మెత్తని భాగానికి ఏ పాలియాల్ వేశారన్నదే గమ్ము గుణాన్ని సగం నిర్ణయిస్తుంది. షట్టర్లకీ చెప్పుల అట్టలకీ వాడే రకంలో ఎక్కువగా బ్యూటేన్‌డయాల్ అడిపేట్ అనే పాలియెస్టర్ ఉంటుంది. దాని గొలుసులు నేతిలా గడ్డకడతాయి. సుమారు 45 నుంచి 50 డిగ్రీల దగ్గర ఆ గడ్డలు కరుగుతాయి, చల్లారితే మళ్లీ కడతాయి. వేడి చేసి నొక్కగానే గమ్ము పట్టేసుకోవడానికి కారణం ఈ కరగడం, గడ్డకట్టడమే. మే నెలలో పొయ్యి పక్కన ఊడిరావడానికీ అదే కారణం. ముదరని గమ్ముకు 50, 60 డిగ్రీలు దాటితే పట్టు ఉండదు. మధ్యాహ్నం టెంపోలో టార్పాలిన్ కింద పెట్టి తీసుకెళ్లే షట్టర్లు ఆ వేడిని సులువుగా చేరుకుంటాయి. పైగా ప్రెస్సులో సాగదీసిన ఫాయిల్ వేడి తగిలితే వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, అంచును లాగేది ఆ ముడుచుకోవడమే.

పాలియెస్టర్ బదులు పాలీఈథర్ పాలియాల్ వేస్తే నీటిలో చీలిపోదు, చలిలో మెత్తగా ఉంటుంది. కానీ మామూలుగా వాడే పాలీప్రొపిలీన్ గ్లైకాల్ రకం గడ్డకట్టదు కాబట్టి వేడికి అంటే గుణం పోతుంది. పాలీకార్బనేట్ రకం అన్నిటికీ తట్టుకుంటుంది, ధర ఎక్కువ. షట్టర్ పనికి పాలియెస్టరే సరైనది. దానికి నీళ్లంటే పడదు కాబట్టి నిల్వ విషయంలో జాగ్రత్త పడాలి, ఆ మాట కిందికి వస్తుంది.

ఇప్పుడు పాళ్లు. పాలిటెక్నిక్ ల్యాబులోనో చిన్న యూనిట్‌లోనో చేసి చూసుకునేవాళ్లకి పనికొచ్చే లెక్క ఒకటి: 2000 అణుభారమున్న పాలియెస్టర్ డయాల్ 100 గ్రాములు, డీఎంపీఏ అనే ఆమ్లం 5 గ్రాములు, ఐపీడీఐ అనే ఐసోసయనేట్ 29 గ్రాములు. ఇక్కడ ఎన్‌సీఓ, ఓహెచ్ గుంపుల నిష్పత్తి 1.5. పాలియాల్‌ను ముందు 105 నుంచి 110 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో రెండు గంటలు పెట్టి తేమ తీయాలి. ఈ మెట్టు దాటవేస్తే ఎంత నష్టమో లెక్క కట్టండి. 1 గ్రాము నీరు 12 గ్రాములకు పైగా ఐపీడీఐని తినేస్తుంది. 100 గ్రాముల పాలియాల్‌లో 0.1 శాతం తేమ మిగిలినా వేసిన 29లో 1.2 గ్రాములు గాలికి పోయినట్టే, నిష్పత్తి అంతా తప్పుతుంది.

తేమ తీశాక 80 నుంచి 85 డిగ్రీల దగ్గర మూడూ కలిపి నడిపిస్తూ, మిగిలిన ఎన్‌సీఓ ఎంతుందో డైబ్యూటైల్ అమీన్ టైట్రేషన్‌తో చూసుకోవాలి. పై పాళ్లకి అది సుమారు 2.7 శాతం దగ్గర ఆగాలి. అంతకంటే బాగా పైన ఉంటే రసాయన చర్య పూర్తి కాలేదని, కిందికి జారితే ఎక్కడో తేమ దూరిందని అర్థం. తర్వాత 50 డిగ్రీలకు చల్లార్చి, చిక్కదనం తగ్గడానికి 50 గ్రాముల దాకా అసిటోన్ పోసి, ట్రైఇథైల్ అమీన్ 3.8 గ్రాములతో ఆమ్లాన్ని లవణంగా మార్చాలి. జోరుగా తిప్పుతూ సుమారు 200 గ్రాముల డీఎం నీళ్లు (ఖనిజ లవణాలు తీసినవి) పోస్తే పాలలా విడిపోతుంది. వెంటనే, ఆ నీళ్లలోంచే కొంచెం తీసి కరిగించి పెట్టుకున్న ఇథిలీన్ డైఅమీన్ 2.3 గ్రాములు చుక్కచుక్కగా వేయాలి. ఒక్కసారి కుమ్మరిస్తే గడ్డలు కడుతుంది. చివర్లో 45 డిగ్రీల దగ్గర వాక్యూమ్ పెట్టి అసిటోన్ లాగేస్తే సుమారు 40 శాతం ఘనపదార్థమున్న గమ్ము మిగులుతుంది.

ఇందులో మీటలాంటివి రెండు. మొదటిది డీఎంపీఏ. రేణువులు నీళ్లలో ఒకదానికొకటి అంటకుండా విడిగా తేలడానికి దాని రుణావేశమే ఆధారం. 2 శాతం కంటే దిగితే అడుగున పేరుకుంటుంది. 5, 6 శాతం దాటితే రేణువులు చిన్నవై చూడ్డానికి చక్కగా, దాదాపు పారదర్శకంగా ఉంటుంది కానీ చిక్కదనం పెరుగుతుంది, ఆరిన పొర నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. నీలిరంగు ఛాయతో అద్దంలా మెరిసే గమ్మే మేలురకం అనే నమ్మకం మన మార్కెట్లో ఉంది. అది సరికాదు. సింకు కింది షట్టర్‌లో తడికి అదే ముందు లొంగిపోతుంది.

రెండోది ఎన్‌సీఓ, ఓహెచ్ నిష్పత్తి. పెంచితే గట్టి భాగం పెరుగుతుంది, పొర బిరుసెక్కుతుంది, వేడికి తట్టుకుంటుంది. కానీ అంటే గుణం తగ్గుతుంది, ప్రెస్సులో ఇంకా ఎక్కువ వేడి అడుగుతుంది. 1.2 నుంచి 1.5 మధ్య ఉండడం గమ్ముకి మంచిది. 2 దగ్గరికి వెళ్తే అది గమ్ము కాదు, పూత అవుతుంది.

ఇక నీళ్ల సంగతి. మన సీమ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, కానీ ఈ గమ్ముకు శత్రువులు కాల్షియం, మెగ్నీషియం. కఠినత్వమున్న నీళ్లు పోస్తే ఆ అయాన్లు రేణువుల మీది రుణావేశాన్ని లాగేసుకుంటాయి, నిమ్మరసం పిండిన పాలలా గమ్ము విరిగిపోతుంది. విరిగింది మళ్లీ కలవదు, వడగట్టినా పనికిరాదు. పరీక్ష సులువు: గాజు గ్లాసులో ఐదు చెంచాల నీళ్లకి ఒక చెంచా గమ్ము కలిపి అరగంట వదిలి, గ్లాసు వంచి అంచు చూడండి. రవ్వ కనిపిస్తే ఆ నీళ్లు గమ్ములో పోయకూడదు. స్ప్రే గన్‌కి చిక్కగా ఉందనిపిస్తే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కిలోకి 50 గ్రాములకు మించకుండా కలపండి. ఇనుప డబ్బాలో పోసి ఉంచితే తుప్పు పట్టడమే కాదు, ఆ ఇనుము కూడా కాల్షియంలాగే విరిచేస్తుంది. ప్లాస్టిక్ బకెట్, స్టీలు గన్ వాడాలి.

ముదిరించే పని హార్డనర్‌ది. హెచ్‌డీఐ అనే ఐసోసయనేట్ నుంచి చేసి, నీళ్లలో కలిసేలా మార్చిన పాలీఐసోసయనేట్ అది, తేనెలా ఉంటుంది. గమ్ము 100 పాళ్లకి 3 నుంచి 5 పాళ్లు. కిలోకి 50 గ్రాములని గుర్తుంచుకుంటే చాలు. మూత లెక్కన పోయకండి, కాటా మీద తూచండి. తక్కువైతే ముదరదు. ఎక్కువైతే పొర పెళుసై, షట్టర్ కింద పడితే అంచు పెచ్చుగా లేస్తుంది. గమ్మును తిప్పుతూ అందులోకి హార్డనర్‌ను సన్నని ధారగా పోయాలి. హార్డనర్ మీద గమ్ము పోస్తే ఉండలు కడుతుంది. డ్రిల్లుకి తెడ్డు తగిలించి నిదానంగా ఐదు నిమిషాలు తిప్పి, నురగ తగ్గడానికి పది నిమిషాలు ఆగి, నైలాన్ గుడ్డతో వడగట్టి వాడాలి.

అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది ఇక్కడే. తిన్నర్‌తో కలిపే రెండు డబ్బాల గమ్మో ఎపాక్సీయో అయితే టైము దాటగానే చిక్కబడి, గడ్డకట్టి, వాడొద్దని అదే చెబుతుంది. నీళ్ల పీయూ చెప్పదు. హార్డనర్‌లోని ఎన్‌సీఓ నీళ్లతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతూ, రేణువుల్లో నిశ్శబ్దంగా ఖర్చైపోతుంటుంది. ఆరు గంటల తర్వాత చూసినా బకెట్‌లో అదే తెల్లని పాలు, గన్‌లోంచి అదే తుంపర, ప్రెస్సులో అదే పట్టు. ఐదు రోజుల తర్వాత మాత్రం హార్డనర్ అసలు వేయనట్టే ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర నాలుగు గంటల ఆయుష్షు ఉందనుకుంటే, పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ అది సుమారు సగమవుతుంది. రేకుల షెడ్డులో 42 డిగ్రీలుంటే గంటా గంటంపావు. అందుకే వేసవిలో అరకిలో చొప్పునే కలపాలి, బకెట్ మీద చాక్‌పీసుతో కలిపిన టైము రాయాలి. మిగిలింది మర్నాటికి దాచొద్దు. మూత బిగించొద్దు కూడా, గ్యాసు నిండి డబ్బా ఉబ్బుతుంది.

హార్డనర్ సీసాకి గాలిలో తేమ చాలు చెడడానికి. మూతి దగ్గర తెల్లని పొర, లోపల మబ్బుగా మారడం కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఐదు లీటర్ల డబ్బా చవకని కొనే కంటే అరలీటర్ సీసాలే మేలు.

బోర్డు మీద వేయడానికి 1.5 నుంచి 1.8 మిల్లీమీటర్ల నాజిల్, 2 నుంచి 3 బార్ గాలి. ముఖం మీద చదరపు మీటరుకి 50 నుంచి 80 గ్రాముల తడి గమ్ము. రౌటర్ తిరిగిన గాడులు, అంచులు మాత్రం గమ్మును తాగేస్తాయి, ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన బోర్డు) లోపలి భాగం దూదిలాంటిది. అక్కడ ఒక చేయి వేసి, ఆరాక ఇంకో చేయి వేయాలి, మొత్తం 100 నుంచి 120 గ్రాములు. ఊడే షట్టర్లలో ఎక్కువ శాతం రెండో చేయి లేని అంచులే. గమ్ము వేసేముందు బోర్డును గాలితో ఊది తుడవాలి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ యూనిట్ల పక్కన షెడ్డుంటే ఇది ఇంకా ముఖ్యం. ఆ సున్నపురాతి దుమ్ము ఆరిన గమ్ము మీద పొడర్‌లా పరుచుకుంటే ఫాయిల్ పట్టుకునేది గమ్మును కాదు, దుమ్మును.

తెల్లదనం పూర్తిగా పోయి అద్దంలా మారితే ఆరినట్టు. మామూలు రోజుల్లో 30 నుంచి 45 నిమిషాలు. వేసవి మధ్యాహ్నం పది నిమిషాల్లో పైన తోలు కట్టేస్తుంది, గాడుల్లో దళసరిగా పడ్డ చోట అడుగున నీళ్లు మిగిలిపోతాయి, ప్రెస్సులో అవి ఆవిరై పొక్కులు లేపుతాయి. ఫ్యాను నేరుగా బోర్డు మీదికి తిప్పకుండా, పక్కగా గాలి ఆడేలా పెట్టాలి, గాడుల్లో పలచగా రెండు సార్లు కొట్టాలి. ఆగస్టు, సెప్టెంబరు వాన రోజుల్లో దీనికి తలకిందులు: గాలిలో తేమ వల్ల నీళ్లు పోవు, తడిలో నానుతున్నంతసేపూ హార్డనర్ నీళ్లకే ఖర్చవుతుంది. ఆ రోజుల్లో వెచ్చని గాలి పెట్టడం తప్ప దారి లేదు.

హార్డనర్ వేసిన బోర్డు ఆరాక అదే రోజు ప్రెస్సుకి వెళ్లాలి. కరెంటు పోయిందని రాత్రంతా ఉంచితే పొర అక్కడికక్కడే ముదరడం మొదలుపెడుతుంది, మర్నాడు ఎంత వేడి చేసినా సరిగా కరగదు, ఫాయిల్‌ను తడపదు. ముదిరింది కానీ అంటలేదు. ఈ వరస తిరగబడకూడదు.

ప్రెస్సులో మీటరు చూపించే 110, 120 డిగ్రీలు హీటర్ వేడి. గమ్ము పొర దగ్గర ఎంతుందన్నదే అసలు సంగతి, అక్కడ 60 నుంచి 70 డిగ్రీలు రావాలి. ఫాయిల్‌కీ బోర్డుకీ మధ్య ఉష్ణోగ్రత స్టిక్కర్ ముక్క పెట్టి ఒక్కసారి నొక్కి తీసి చూస్తే తేలిపోతుంది, ముఖం మీద ఒకటి, గాడిలో ఒకటి, మూలలో ఒకటి పెట్టండి. మూలలో దాదాపు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. వేడి చేరాక వాక్యూమ్ వెంటనే తీయకండి. గమ్ము గడ్డకట్టాలంటే 40 డిగ్రీల దిగువకు రావాలి. షట్టర్ల సంఖ్య పెంచాలని ఈ అర నిమిషం మిగిల్చుకునే షెడ్డులో అంచులు ఆ సాయంత్రమే కొంచెం వెనక్కి లాగుతాయి.

తర్వాత షట్టర్లను ఒక రోజు కదపకుండా, నీడలో పడుకోబెట్టి ఉంచాలి. పొయ్యి పక్కన, సింకు కింద బిగించేవి కనీసం ఐదు రోజులు ఆగాలి. ఇంటివాళ్లు గృహప్రవేశం ముహూర్తానికి తొందర పెడతారన్నది నిజమే, అలాంటప్పుడు పై అరల షట్టర్లు ముందు బిగించి, పొయ్యి పక్కవి చివర బిగించండి.

ముదిరిందో లేదో తెలుసుకోవడానికి మంచి పరీక్ష ఉంది. గన్‌లో మిగిలిన గమ్మును గాజు పలక మీద పూసి, షట్టర్లతో పాటే ఉంచండి. ఐదో రోజు ఆ పొరను గోరంత ముక్క తీసి అసిటోన్‌లో వేయండి, మంటకు దూరంగా. కరిగి జిగటగా మారితే ముదరలేదు. ఉబ్బి జెల్లీలా ఉండి ఆకారం పోకపోతే ముదిరింది. ప్రతి బ్యాచ్‌కీ ఒక గాజు పలక దాస్తే, ఆరు నెలల తర్వాత గొడవ వచ్చినప్పుడు గమ్ముదా తప్పు, ప్రెస్సుదా అన్న వాదన ఉండదు.

ఊడిన చోటు కూడా చాలా చెబుతుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీగా ఫాయిల్‌ను కోసి వెనక్కి లాగండి. ఫాయిల్‌తో పాటు ఎండీఎఫ్ పీచు లేచి వస్తే అంతకంటే కోరుకునేది లేదు. గమ్మంతా బోర్డు మీదే ఉండి ఫాయిల్ వెనక శుభ్రంగా ఉంటే వేడి చాలలేదు, లేదా ఫాయిల్ వెనక ప్రైమర్ లేదు. గమ్మంతా ఫాయిల్‌తో వచ్చి బోర్డు బోడిగా కనిపిస్తే దుమ్ము, లేదా రెండో చేయి వేయకపోవడం. రెండు వైపులా గమ్ము మిగిలి మధ్యలో తీగలు సాగితే హార్డనర్ లేదు, లేదా చచ్చిపోయింది. ఈ తీగలు సాగే రకమే మే నెల ఫిర్యాదుల్లో ఎక్కువ.

నిల్వకి 5 నుంచి 30 డిగ్రీలు అని డబ్బా మీద రాసి ఉంటుంది. సీమలో నాలుగు నెలలు ఆ గీత లోపల ఉండడం రేకుల షెడ్డుకి చేతకాదు. వేడికి నీళ్లు పాలియెస్టర్ గొలుసును తెంపుతాయి, తెగిన ప్రతిచోటా ఆమ్లం పుట్టి పీహెచ్ పడిపోతుంది, ఆమ్లం ఇంకా తెంపుతుంది. కొత్తది సాధారణంగా 7 నుంచి 9 మధ్య ఉంటుంది. పాత డబ్బా మూత తీసి పీహెచ్ పేపర్ ముంచితే 6 చూపిస్తే షట్టర్లకి వాడకండి. పాత మట్టి మిద్దె గది ఏదైనా అందుబాటులో ఉంటే గమ్ముకి అంతకంటే మంచి గోడౌన్ దొరకదు.

ఆముదం ప్రస్తావన లేకుండా ఈ ప్రాంతం నుంచి పీయూ గురించి రాయడం నాకు ఇష్టం లేదు. మన మెట్ట చేలల్లో పండే ఆముదం నూనె దానంతటదే ఒక పాలియాల్. ఓహెచ్ విలువ 160 పైచిలుకు, ఒక్కో అణువుకి బంధం వేసుకునే ఓహెచ్ చేతులు సగటున 2.7. ఆ మూడో చేయి వల్ల గొలుసుకి కొమ్మలు పడతాయి, పొర నీళ్లకి బాగా తట్టుకుంటుంది. కానీ పాలియెస్టర్ గడ్డకట్టడాన్ని చెడగొడుతుంది, ఎక్కువ వేస్తే ఫ్లాస్కులోనే జెల్ అయిపోతుంది. పాలియాల్ ఓహెచ్‌లో పదో వంతు దాకా ఆముదంతో మార్చి చూడొచ్చు, తేమా ఆమ్లమూ తీసిన నూనె అయితేనే. గానుగ నూనె నేరుగా పోస్తే పైన చెప్పిన 12 గ్రాముల లెక్క గుర్తు చేసుకోండి.

నీళ్ల గమ్మే కదా అని ముక్కుకి గుడ్డ కట్టుకుని స్ప్రే చేయొద్దు. తుంపరలో ఐసోసయనేట్ ఉంది. ఒంటికి ఒకసారి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం వస్తుంది, అది తిరిగి నయమయ్యేది కాదు. సేంద్రియ ఆవిరులకీ తుంపరకీ రెండిటికీ పనికొచ్చే కార్ట్‌రిడ్జ్ మాస్కు, నైట్రైల్ గ్లోవ్స్, ఎదురు గాలి లేని చోటు, ఈ మూడూ ఉండాలి. గన్‌ను పని అయిన వెంటనే నీళ్లతో కడగాలి, ఆరాక నీళ్లకి లొంగదు.

ఇప్పటికే లేచిన అంచుల సంగతి. తీగలు సాగే రకమైతే బతికే అవకాశం ఉంది, ముదరలేదు కాబట్టి మళ్లీ కరుగుతుంది. లోపలి దుమ్ము ఊది, హీట్ గన్‌తో ఫాయిల్ మెరుపు మారకుండా 65 డిగ్రీల దాకా వేడి చేసి, రబ్బరు రోలర్‌తో నొక్కి, చల్లారేదాకా పట్టుకోండి. పొయ్యి పక్కన అది వచ్చే వేసవి దాకా కూడా ఆగకపోవచ్చు, కాబట్టి హార్డనర్ కలిపిన తాజా గమ్ము సన్నని బ్రష్‌తో లోపలికి పూసి, ఆరనిచ్చి, అప్పుడు వేడి చేయడం సరైన పద్ధతి. ముదిరిన గమ్ము మీంచి లేచిన ఫాయిల్‌కి మాత్రం హీట్ గన్ పనిచేయదు. పాత పొరను 180 నంబరు ఎమరీతో గరుకు చేసి కొత్తది వేయాలి, ఫాయిల్ ముడుచుకుపోయి అంచు చాలకపోతే ఆ షట్టర్ మార్చాల్సిందే.